పొట్ట తగ్గాకే కండ పెరుగుతుందా?

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 27 ఏళ్లు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. మూడేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. ఎత్తు 172 సెంటీమీటర్లు. చేతులు, ఛాతీ సన్నగా ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. ఆరు నెలల క్రితం జిమ్‌లో చేరాను. మా ట్రైనర్ ‘బాగా తిని బల్కింగ్ చెయ్, కండ వచ్చాక కొవ్వు సంగతి చూద్దాం’ అంటాడు. నా రూమ్మేట్ ‘ఒంట్లో కొవ్వు ఉన్నంతకాలం కండ పట్టదు, ముందు 12 శాతానికి దిగు’ అంటాడు. రూమ్మేట్ మాట విని ఐదు వారాలుగా రోజుకు 1200 కేలరీలే తింటున్నాను. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం కీరా ముక్కలు, రెండు గుడ్ల తెల్లసొన, రాత్రి చపాతీ. రోజూ గంటసేపు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తుతున్నాను. 78 కిలోల నుంచి 73కి వచ్చాను. కానీ జిమ్ మెషిన్‌లో కొవ్వు 27 శాతం నుంచి 26కే తగ్గింది. నడుము ఇంకా 93 సెంటీమీటర్లు ఉంది. బెంచ్ ప్రెస్ 50 కిలోలు చేసేవాణ్ణి, ఇప్పుడు 42.5 దాటడం లేదు. అమెరికా వాళ్లతో రాత్రి కాల్స్ ఉంటాయి కాబట్టి ఐదు గంటలే నిద్ర. మంగళ, శనివారాలు మాంసం తినను. ప్రోటీన్ ఎక్కువైతే కిడ్నీలు పోతాయని అమ్మ భయపడుతోంది. ఇప్పుడు నేను కొవ్వు తగ్గించాలా, కండ పెంచాలా?
— మారతహళ్లి నుంచి ఒక పాఠకుడు

సమాధానం: రెండూ ఒకేసారి చెయ్యొచ్చు. మీ వయసులో, మీ శరీరానికి, బరువులు ఎత్తడం మొదలుపెట్టి ఏడాది కూడా కాని దశలో అది బాగా సాధ్యమయ్యే పని. అయితే ముందు ఒక పని చెయ్యండి. ఈ 1200 కేలరీల తిండి ఇవాళే ఆపెయ్యండి. మీరు కష్టపడి పోగొట్టుకుంటున్నదాంట్లో కండ కూడా ఉంది.

మీరిచ్చిన అంకెలతోనే లెక్క చూద్దాం. 78 కిలోల్లో 27 శాతం అంటే 21 కిలోల కొవ్వు. 73లో 26 శాతం అంటే 19 కిలోలు. అంటే తగ్గిన ఐదు కిలోల్లో కొవ్వు రెండు కిలోలే. మిగతా మూడు కిలోలూ కొవ్వు కానివి. అదంతా కండేనని కంగారు పడకండి. కండల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేస్తే ఆ నిల్వ కరిగి, దాంతోపాటు కిలో పైన నీరు పోతుంది. మళ్లీ తింటే అది తిరిగొస్తుంది. పైగా జిమ్ మెషిన్ ఒంట్లోకి సన్నని కరెంటు పంపి, నీటి శాతాన్ని బట్టి కొవ్వును అంచనా వేస్తుంది. మీరు నీళ్లు తాగి నిలబడ్డారా, వ్యాయామం చేసి నిలబడ్డారా అన్నదాన్ని బట్టే అంకె రెండు మూడు శాతం మారిపోతుంది. కాబట్టి ఆ మెషిన్ మాట నేను పూర్తిగా నమ్మను. కానీ బెంచ్ ప్రెస్ ఏడున్నర కిలోలు పడిపోయింది. అది, మెషిన్ అంకె ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి తేలిగ్గా తీసుకోలేను.

ఇక మీ రూమ్మేట్ మాట. అది గాల్లోంచి పుట్టిన మాట కాదు. గిల్బర్ట్ ఫోర్బ్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1987లో ఒక సంబంధాన్ని వివరించారు. ఒంట్లో కొవ్వు తక్కువున్న మనిషి ఎక్కువ తింటే పెరిగిన బరువులో కొవ్వు కాని భాగం ఎక్కువగా ఉంటుంది. కొవ్వు ఎక్కువున్న మనిషి తింటే పెరిగేది ఎక్కువగా కొవ్వే. ఈ ముక్క పట్టుకుని ‘ముందు 12 శాతానికి రా, తర్వాతే కండ’ అనే సూత్రాన్ని జిమ్‌లలో తయారుచేసుకున్నారు. కానీ ఆ లెక్క ప్రధానంగా తిండి పెరిగినప్పుడు, తగ్గినప్పుడు మామూలు మనుషుల బరువులో వచ్చిన మార్పు మీద కట్టినది. పద్ధతిగా బరువులెత్తుతూ, సరిపడా ప్రోటీన్ తినేవాళ్ల మీద కట్టినది కాదు. పైగా అదే సూత్రంలో రెండో సగం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. తిండి తగ్గించినప్పుడు కొవ్వు ఎక్కువున్నవాడు ఎక్కువగా కొవ్వునే పోగొట్టుకుంటాడు, బక్కపల్చటివాడే కండను పోగొట్టుకుంటాడు. ఆ సగం మీ పక్షానే ఉంది.

అసలు కండ పెరగడానికి రెండు కావాలి, ముడిసరుకు, శక్తి. కండలో డెబ్భై శాతం పైన నీరే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ప్రోటీన్. ఆ ప్రోటీన్ తయారవ్వాలంటే అమైనో ఆమ్లాలు కావాలి, వాటిలో నత్రజని ఉంటుంది. కొవ్వులో నత్రజని లేదు. అందుకే పొట్టలో ఎంత కొవ్వున్నా శరీరం దాన్ని కండగా మార్చలేదు. ‘కొవ్వును కండగా మార్చే’ వ్యాయామాలంటూ వచ్చే ప్రకటనలన్నీ అబద్ధాలే. అయితే శక్తి సంగతి వేరు. కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉంటాయి. మీ ఒంట్లో 19 కిలోల కొవ్వు ఉందనుకుంటే లక్ష దాటిన కేలరీలు మీ దగ్గరే ఉన్నట్టు. ఇల్లు కట్టేవాడి దగ్గర కూలీలకివ్వాల్సిన డబ్బు దండిగా ఉండి, ఇటుకలు మాత్రం రోజుకు నాలుగే వస్తుంటే ఎలా ఉంటుందో మీ పరిస్థితి అలా ఉంది. ఇటుకలు తెప్పించుకోండి, డబ్బు కోసం అప్పు చెయ్యక్కర్లేదు. మీ ట్రైనర్ చెప్పే బల్కింగ్ ఆ అప్పే.

ఇది ఊహ కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. అధిక బరువున్న 40 మంది యువకులకు నాలుగు వారాలపాటు అవసరమైనదానికంటే 40 శాతం తక్కువ తిండి పెట్టి, వారానికి ఆరు రోజులు గట్టి వ్యాయామం చేయించారు. సగం మందికి కిలో శరీర బరువుకు 1.2 గ్రాముల ప్రోటీన్, మిగతా సగానికి 2.4 గ్రాములు ఇచ్చారు. మొదటి గుంపు మూడున్నర కిలోల కొవ్వు తగ్గింది, కండ ఉన్నది ఉన్నట్టు నిలిచింది. రెండో గుంపు 4.8 కిలోల కొవ్వు తగ్గి, 1.2 కిలోల కొవ్వు రహిత బరువు పెరిగింది. అంత తక్కువ తింటూ కూడా! మీరు దాన్ని అచ్చంగా అనుకరించమని నేననను. వాళ్లకు తిండి కొలిచి ఇచ్చారు, పక్కనే నిలబడి వ్యాయామం చేయించారు, అదీ నాలుగు వారాలే. ఆఫీసు, ట్రాఫిక్, రాత్రి కాల్స్ మధ్య అది నడవదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పొట్ట ఉండటం కండకు అడ్డం కాలేదు, ప్రోటీన్ సరిపోకపోవడమే తేడా తెచ్చింది.

కొవ్వు వల్ల కండకు ఏ నష్టమూ లేదని కూడా నేను చెప్పను. ఊబకాయం బాగా ఎక్కువైతే ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు. కొవ్వు కణజాలంలో ఉండే ఒక ఎంజైము టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌ను ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మారుస్తుంది, అందుకే ఊబకాయులైన మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తక్కువగా ఉండటం మామూలు. మన భారతీయుల విషయంలో ఇంకో చిక్కుంది. పుణెలోని కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువును చెప్పే అంకె, ఒక్కటే, 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉండి లోపల కొవ్వుండే ఈ తీరు మన దేశంలో చాలామందిది. మీ బీఎంఐ 24.7. పడమటి దేశాల లెక్కలో మామూలే, మన లెక్కలో 23 దాటితే అధిక బరువు. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు, మీది 93. కాబట్టి మీరు ఆ పొట్ట తగ్గించాల్సిందే. అద్దంలో కనిపించడం కోసమే కాదు, నలభై ఏళ్లకు షుగర్ రాకుండా ఉండటం కోసం. తగ్గించే తీరే మారాలి.

12 శాతం అన్న లక్ష్యాన్ని మాత్రం వదిలెయ్యండి. పోటీల కోసం కొవ్వును 14.8 శాతం నుంచి 4.5 శాతానికి దించిన ఒక బాడీబిల్డర్‌ను పరిశోధకులు ఏడాదిపాటు గమనించి 2013లో రాశారు. అతని టెస్టోస్టెరాన్ మిల్లీలీటరుకు 9.22 నానోగ్రాముల నుంచి 2.27కు పడిపోయింది. సిక్స్ ప్యాక్ ఫొటోల వెనుక అలాంటి రోజులుంటాయి. మీకు 18 శాతం చుట్టుపక్కల, నడుము 84, 85 సెంటీమీటర్లుంటే చాలు. ఆరోగ్యానికీ చాలు, చొక్కా వేసుకుంటే భుజాలు కనిపించడానికీ చాలు.

ఇక తిండి. మీ ఎత్తు, బరువు, వయసు, కుర్చీలో కూర్చునే ఉద్యోగం, నాలుగు రోజుల జిమ్ కలుపుకుంటే మీ బరువు మారకుండా ఉండటానికి రోజుకు దాదాపు 2300 కేలరీలు కావాలి. 2000 నుంచి 2100 దాకా తినండి. ఇంతకంటే ఎక్కువ కోత వద్దు. రోజుకు 500 కేలరీల లోటు దాటితే, బలం పెరుగుతుందేమో కానీ కండ పెరగడం దాదాపు ఆగిపోతుందని 2022లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. మీ లోటు 1100 దగ్గరుంది. నార్వేలో 2011లో క్రీడాకారులపై చేసిన పరిశోధన కూడా ఇదే చెప్పింది. వారానికి శరీర బరువులో 0.7 శాతం చొప్పున తగ్గినవాళ్లకు బరువు తగ్గుతూనే కండ పెరిగింది. 1.4 శాతం చొప్పున తగ్గినవాళ్లకు పెరగలేదు. మీరు రెండో గుంపు వేగంతో తగ్గారు, అదీ వాళ్లంత ప్రోటీన్ లేకుండా.

ప్రోటీన్ ఎంత? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలోకు 0.83 గ్రాములని చెబుతుంది. అంటే మీకు 60 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు అది చాలదు. కిలోకు 1.6 గ్రాముల దగ్గర లాభం దాదాపు పూర్తవుతుందని 2018లో చాలా పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణ చెప్పింది. మీకు అది 117 గ్రాములు. మీరు రాసిన ఓట్స్, కీరా, తెల్లసొన, చపాతీల్లో 30 గ్రాములు కూడా ఉండవు.

117 గ్రాములంటే భయపడకండి. పీజీలో వంటగది లేదు కాబట్టి ఒక ఎగ్ బాయిలర్ కొనుక్కోండి, చాలా తక్కువ ధరకే దొరుకుతుంది. పొద్దున మూడు గుడ్లు పచ్చసొనతో సహా ఉడికించుకోండి, 18 గ్రాములు. పచ్చసొన పారెయ్యకండి, అందులోనూ ప్రోటీన్ ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, రెండు ఇడ్లీ, సాంబారు తినండి. ఇంకో ఆరు గ్రాములు. పక్కన వడ మానెయ్యండి, నూనె పీల్చుకుని ఉంటుంది. టేబుల్ స్పూను నూనెలో 120 కేలరీలున్నాయి.

మధ్యాహ్నం ఆఫీస్ క్యాంటీన్‌లో అన్నం తినండి. మానకండి. బరువులెత్తడానికి కావలసిన గ్లైకోజెన్ ఆ అన్నంలోంచే వస్తుంది, అది లేకే మీ బెంచ్ ప్రెస్ కొంత పడిపోయింది. దాంతోపాటు పప్పు, ఒక కప్పు పెరుగు, 150 గ్రాముల చికెన్. గ్రేవీ కాదు, ముక్కలు. ఎముకలు తీసేసిన పచ్చి చికెన్ వంద గ్రాముల్లో 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. ఈ పూట మొత్తం 50 వస్తుంది. సాయంత్రం సమోసా వేళకు గుప్పెడు వేయించిన శనగలు, ఒక గ్లాసు నందిని పాలు, 19 దాకా. రాత్రి పీజీలో రెండు చపాతీలతో మీల్ మేకర్ కూర. ఎండు మీల్ మేకర్‌లో బరువులో సగం ప్రోటీనే. 40 గ్రాములు వేడి నీళ్లలో నానబెట్టి పిండి, కూరలో వేస్తే 20 గ్రాములు. పీజీ వంటాయనకు చెప్పి చూడండి, ఎలాగూ బిర్యానీలో వేస్తుంటారు. లేకపోతే మీరే నానబెట్టి, ఆయన పెట్టే కుర్మాలో కలుపుకోండి. అన్నీ కలిపితే 120 వచ్చేసింది.

మంగళ, శనివారాలు చికెన్ స్థానంలో వంద గ్రాముల పనీర్, ఇంకో కప్పు పెరుగు పెట్టుకోండి. ఆ రెండు రోజులూ వంద గ్రాములే వచ్చినా ఫర్వాలేదు. వారం మొత్తంలో అది లెక్కలోకి రాదు.

కొన్ని అపోహలు మన వాళ్లలో గట్టిగా ఉన్నాయి కాబట్టి చెప్పాలి. వేరుశనగలు ప్రోటీన్ కోసమని గుప్పెళ్లు గుప్పెళ్లు తింటారు. వంద గ్రాముల్లో ప్రోటీన్ పాతిక గ్రాములే, కేలరీలు 560 పైన. ఎక్కువ భాగం నూనె. బక్కగా ఉండి బరువు పెరగాలనుకునేవాడికి మంచివి, పొట్ట తగ్గాలనుకునేవాడికి కాదు. రాగి ముద్ద తింటే కండ పడుతుందని బెంగళూరులో అందరూ అంటారు. రాగుల్లో కాల్షియం వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములుంటుంది, అది గొప్ప విషయమే. ప్రోటీన్ మాత్రం ఏడు గ్రాములే. ముద్దను అన్నం బదులు తినండి, మాంసం బదులు కాదు. పప్పన్నం మంచి జోడీ. అన్నంలో తక్కువైన లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం అన్నంలో ఉంది. కానీ మెస్సులో పోసే పల్చటి పప్పు గరిటెలో నాలుగైదు గ్రాముల ప్రోటీనే వస్తుంది. పప్పు ముద్దగా, రెండు గరిటెలు వేయించుకోండి.

ప్రోటీన్ పౌడర్ గురించి మీరు అడగలేదు కానీ ఆ ప్రశ్న ఎలాగూ వస్తుంది. 2024లో వచ్చిన మన దేశపు ఆహార మార్గదర్శకాలు ప్రోటీన్ పౌడర్లు వద్దన్నాయి. సాధారణ ప్రజలకు ఆ సలహా సరైనదే. తిండిలో రాబట్టుకోగలిగినంత రాబట్టుకోండి. పీజీ తిండితో ఒక్కోరోజు వందకు చేరడం కష్టమైతే ఒక స్కూప్ వే ప్రోటీన్‌తో 24 గ్రాములు వస్తాయి. అది పాల విరుగుడు నుంచి తీసిన పొడి, మందు కాదు. డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే మన ఆహార భద్రతా సంస్థ, వారి 14 అంకెల లైసెన్స్ నంబరు చూసి కొనండి. మాస్ గెయినర్లు కొనకండి, వాటిలో ఎక్కువ భాగం చక్కెర జాతి పిండే. ఫ్యాట్ బర్నర్లు కొనకండి. జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్ అంటే, అది ట్రైనరైనా సరే, ఆ జిమ్ మానెయ్యండి. నిజంగా పనిచేసే పొడి ఇంకొకటుంది, క్రియాటిన్ మోనోహైడ్రేట్. రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు. దాని వల్ల కండల్లో నీరు చేరి కిలో దాకా బరువు పెరగొచ్చు, అది కొవ్వు కాదు. మీ తిండి సరైన దారిలో పడేవరకు, అంటే మొదటి రెండు నెలలు, అది కూడా అక్కర్లేదు.

వ్యాయామంలో మీరు ట్రెడ్‌మిల్ మీద గంట పరిగెత్తడం ఆపండి. ఆ ఓపికను బరువుల మీద పెట్టండి. వారానికి నాలుగు రోజులు చాలు, రెండు రోజులు పైశరీరానికి, రెండు రోజులు కాళ్లకు. ప్రతి కండరానికీ వారంలో రెండుసార్లు పని పడాలి, వారానికి పది సెట్ల (ఆగకుండా వరసగా ఎత్తే ఒక్కో దఫా ఒక సెట్) దాకా. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్, షోల్డర్ ప్రెస్, రోయింగ్, ల్యాట్ పుల్‌డౌన్ ఇవే ప్రధానం. బైసెప్స్ చివర్లో చేసుకోండి. ఒక సెట్‌లో ఆరు నుంచి పన్నెండు రెప్స్, అంటే అన్నిసార్లు ఎత్తడం, వచ్చే బరువు పెట్టుకుని, ఇంకో ఒకటి రెండు మాత్రమే లేపగలను అనిపించే దాకా వెళ్లండి. చాలామంది జిమ్‌లో ఆరు నెలలు అదే బరువును అదే తీరుగా లేపుతుంటారు, కండకు పెరగాల్సిన కారణమే దొరకదు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి సెట్ రాయండి. అన్ని సెట్లలో పన్నెండు రెప్స్ వచ్చిన రోజు తర్వాతిసారి రెండున్నర కిలోలు పెంచండి. మొదటి రెండు వారాల్లో, తిండి పెరగగానే, మీ పాత 50 కిలోలు తిరిగొస్తాయని నా నమ్మకం. కొవ్వు కరగడానికి నడక చాలు. కుందలహళ్లి చెరువు గట్టు మీద పొద్దునో సాయంత్రమో అరగంట, ఆఫీసులో ఫోన్ కాల్స్ నడుస్తూ. ఆకలి పెరగదు, మోకాళ్లు అరగవు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది నిద్ర. చికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో అధిక బరువున్న పదిమందికి ఒకే తక్కువ కేలరీల తిండి పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకునే సమయం ఇచ్చారు. రెండుసార్లూ బరువు మూడు కిలోల దాకా తగ్గింది. కానీ నిద్ర ఉన్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర లేనప్పుడు 0.6 కిలోలు మాత్రమే. మిగతా అంతా కొవ్వు కానిదే పోయింది. తిండి అదే, మనుషులు వాళ్లే. మీ ఒంట్లో జరిగినదానికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. రాత్రి కాల్స్ తప్పవని తెలుసు. కాల్ అయ్యాక ఫోన్ చూస్తూ గంట గడపడం తప్పించుకోవచ్చు. కాల్ ఉన్న రాత్రి మర్నాడు పొద్దుటి జిమ్ సాయంత్రానికి మార్చుకుని, ఏడు గంటలు పడుకోండి. వారానికి నాలుగు జిమ్ రోజుల్లో ఒకటి పోయినా నిద్రే ఎంచుకోండి, అనుమానం లేకుండా చెబుతున్నాను.

కొలతలు ఇలా చూసుకోండి. రోజూ పొద్దున బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక బరువు చూసుకుని, వారం సగటు రాసుకోండి. ఒక్కరోజు అంకెను పట్టించుకోకండి. ఆంధ్రా మెస్సులో ఆవకాయ, గోంగూరతో భోంచేసిన మర్నాడు ఉప్పుకు పట్టిన నీటి వల్ల కిలో పెరగడం మామూలే. మొదటి పది రోజుల్లో, అన్నం మళ్లీ మొదలుపెట్టారు కాబట్టి, బరువు కిలో, కిలోన్నర పెరుగుతుంది. అప్పుడు మీ రూమ్మేట్ ‘చెప్పానా’ అంటాడు. అది గ్లైకోజెన్, నీరు. మీ దారి మార్చకండి. ఆ తర్వాత వారానికి పావు కిలో నుంచి 400 గ్రాములు తగ్గితే సరైన వేగం. రెండు వారాలకోసారి బొడ్డు దగ్గర టేపుతో నడుము కొలవండి. నడుము తగ్గుతూ, నోట్‌బుక్‌లో బరువులు పెరుగుతుంటే, త్రాసు మీద అంకె నిలబడిపోయినా మీ పని జరుగుతున్నట్టే. మూడు వారాలపాటు నడుము కూడా కదలకపోతే రోజుకు 150 కేలరీలు తగ్గించండి, అన్నంలో లేదా నూనెలో, ప్రోటీన్‌లో కాదు.

ఇలా ఐదారు నెలలు పట్టొచ్చు. నడుము 85కు వచ్చాక మీ ట్రైనర్ మాట కొంత వినొచ్చు. అప్పుడు రోజుకు 200, 250 కేలరీలు ఎక్కువ తినండి, నెలకు అర కిలోకు మించి పెరగకుండా. విచ్చలవిడిగా తిన్నా కండ దాని వేగంతోనే పెరుగుతుంది. ఇది కూడా నార్వేలోనే 2013లో చూశారు. మేటి క్రీడాకారుల్లో రోజుకు 500 కేలరీలు అదనంగా తిన్నవాళ్లకు కొవ్వు 15 శాతం పెరిగింది, తమ ఇష్టం మేరకు తిన్నవాళ్లకు 3 శాతమే. కండలో మాత్రం ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అమ్మగారి భయం గురించి. మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉన్న యువకుడికి ఈ మోతాదు ప్రోటీన్ హాని చేస్తుందని ఆధారాలు లేవు. ముందే మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు తగ్గించమంటారు, ఆ మాటే అందరికీ పాకింది. అయినా ఆవిడ మనసు కుదుటపడాలి, మీకూ తెలియాలి కాబట్టి ఒకసారి రక్తపరీక్షలు చేయించండి. మూత్రపిండాల పనితీరుకు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, షుగర్ కోసం హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ కోసం లిపిడ్ ప్రొఫైల్, విటమిన్ డి, బి12. బీపీ కూడా చూపించుకోండి. ఏదైనా తేడా కనిపిస్తే నేను రాసిన తిండి మొదలుపెట్టే ముందు డాక్టరును కలవండి. పరీక్షకు ముందు రెండు మూడు రోజులు బరువులు ఎత్తకండి. కండ అలసిన వేళ కాలేయ పరీక్షల్లో చూసే ఎస్‌జీఓటీ అనే ఎంజైము పెరిగి కాలేయం పాడైందేమోనని కంగారు పెడుతుంది. తర్వాత ఎప్పుడైనా క్రియాటిన్ వాడుతూ పరీక్ష చేయించుకుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. దానివల్ల క్రియాటినిన్ అంకె కొంచెం ఎక్కువగా వస్తుంది. అప్పుడు సిస్టాటిన్ సి అనే ఇంకో పరీక్షతో అసలు సంగతి తేలుతుంది. రిపోర్టు వచ్చాక అమ్మగారికి పంపి, అంకెలు చదివి వినిపించండి.